కళ్ళు తిరిగినప్పుడు ఏమి చేయుచుండిరి?

పల్నాటి సీమలోని మాచర్ల పట్టణమున గాని, దానికి చేరువనున్న దుర్గి, వెల్దుర్తి, రెంటచింతల గ్రామములలో గాని, బిడ్డలు చదువులకును ఉద్యోగములకును గుంటూరో హైదరాబాదో, అంతకంటె దూరమైన అమెరికాయో చేరుకొనగా, వృద్ధదంపతులు మాత్రమే మిగిలియున్న యింటిని వెదకుటకు ఎవరును శ్రమపడనక్కరలేదు. అట్టి యిల్లొకటి మనస్సులో నిలుపుకొందము. ఆ యింటి పెద్దాయనకు 72 ఏండ్లు, బి.పి. మాత్ర వేసికొనుచు, రాత్రివేళ రెండు మూడు మారులు మూత్రమునకు లేచువాడు. ఆయన యిల్లాలికి 68 ఏండ్లు. వంటయు వాకిలియు పరసహాయము లేక చక్కబెట్టుకొనునది. ఒక వేసవిలో, ఒకే వారమున, ఇరువురికిని తల తిరుగుట ఆరంభమయ్యెను. "మంచం దిగంగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నయ్యి" అని ఆయన చెప్పెను. "కుడిపక్కకి ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటది" అని ఆమె చెప్పెను. ఇరువురును కలిసి వైద్యము చేయించుకొనబోయిరి. "వయసైంది గదా పెద్దాయనా, మెడ ఎముకలు అరిగినయ్యి" అను సమాధానమును, తలతిరుగుడు మాత్రల అట్టయు, తలకొక సెలైను సీసాయు ఇరువురికిని సమముగ లభించినవి.

మూడు వారములలో ఆమెకు పూర్తిగ నయమయ్యెను. ఆయన మాత్రము ఒకనాటి తెల్లవారుజామున మంచము దిగి నాలుగడుగులు వేయకమునుపే కూలి, తుంటి యెముక విరుగగొట్టుకొనెను.

ఒకే మాత్ర ఒకరికి మేలును మరియొకరికి కీడును ఎట్లు చేసినది? వాస్తవమునకు ఆ మాత్ర ఆమెకు మేలు చేయనే లేదు. ఆమె వ్యాధి చాలమందిలో దానంతటది తొలగునట్టిది. ఆయన వ్యాధికి ఆ మాత్ర మందు కాదు సరికదా, మగతను కలిగించి అడుగు తడబడజేయునది. ఇరువురికిని తల తిరిగినమాట నిజమే గాని, ఆమె బాధ చెవిలో పుట్టినది, ఆయన బాధ రక్తనాళములలో పుట్టినది. ఈ భేదమును కనుగొనుటకు చాల సందర్భములలో స్కానింగు అక్కరలేదు. కళ్ళు తిరిగిన క్షణమున ఏమి చేయుచుండిరి, అది యెంతసేపుండెను అను రెండు ప్రశ్నలను ఓపికతో అడిగి, సమాధానమును ఓపికతో వినినచో, వ్యాధి యెచ్చట నున్నదో సగమునకు పైగా తెలిసిపోవును. వృద్ధుల తలతిరుగుడంతటిని 'వయస్సు' అను ఒక్క మాటతో కట్టిపెట్టుట వలన మన యిండ్లలో జరుగుచున్న నష్టము చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారము పడుట వలన ప్రపంచమున ఏటేట మరణించువారు 6,84,000 మంది. ప్రమాద మరణములలో రహదారి ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. అందును అధిక భాగము 60 ఏండ్లు దాటినవారిది.

చెంబులోని నీరు, చెవిలోని నీరు

మనము నిటారుగ నున్నామో, ఒరిగియున్నామో, తిరుగుచున్నామో మెదడునకు తెలియుటకు మూడు మార్గములు కలవు. కన్ను ఎదుటనున్న గోడను గుమ్మమును చూచి యొక సమాచారమును పంపును. అరికాలి చర్మమును, చీలమండ మోకాలి కీళ్ళును, మెడ కండరములును తమపై పడు బరువునుబట్టి రెండవదానిని పంపును. మూడవది లోచెవినుండి వచ్చును. ఈ మూడును ఏకీభవించియున్నంతవరకు, నిలబడుట యొక కార్యమను సంగతియే మనకు స్ఫురింపదు. వానిలో నొకటి తప్పు చెప్పినను, లేక మూడును సరిగ చెప్పుచుండగా వాని నందుకొనవలసిన మెదడునకు రక్తము చాలకపోయినను, తల తిరుగును.

లోచెవిలో, కణత యెముక గర్భమున, సన్నని గొట్టములు మూడు అర్ధవలయములుగ వంగి, ఒకదానికొకటి అడ్డముగ అమరియుండును. తలను ఏ దిక్కునకు త్రిప్పినను వానిలో నొకటియైన ఆ కదలికను గ్రహించును. గొట్టముల నిండ పలుచని ద్రవముండును. నీటితో నిండిన చెంబును రెండు చేతులతో పట్టి చటుక్కున ప్రక్కకు త్రిప్పిచూడుడు: చెంబు తిరుగును గాని లోని నీరు వెంటనే తిరుగక వెనుకబడును, కొంతసేపు త్రిప్పి ఆపినచో చెంబు ఆగును గాని నీరు మరికొంతసేపు తిరుగుచునే యుండును. చెవిలోను జరుగునది ఇదియే. తల కదలగానే వెనుకబడిన ద్రవము, గొట్టము మొదట నడ్డముగ నున్న మృదువైన తెర నొకదానిని ప్రక్కకు వంచును. ఆ తెరలో నాటుకొనియున్న అతిసూక్ష్మ రోమములు వంగుటయే 'తల తిరుగుచున్న'దని మెదడునకు చేరు వార్త. పిల్లలు గిరగిర తిరిగి చటుక్కున ఆగినపుడు లోకమంతయు తిరుగుచున్నట్లు తోచుటకు, ఆగిన చెంబులో ఇంకను ఆగని నీరే కారణము.

ఈ వార్త మెదడునుండి కన్నులకును క్షణమాత్రమున చేరును. తల కుడికి తిరిగినపుడు కనుగ్రుడ్లు అంతే మేర ఎడమకు జరుగును గనుకనే, నడచుచు కూడ ఎదుటి బస్సు మీది ఊరిపేరు చదువగలుగుచున్నాము. దీనివలన వైద్యునికి ఒక గొప్ప సౌకర్యము కలిగినది: చెవిలోని పొరపాటు కంటిలో కనబడును. తల తిరుగుచున్న రోగి కనుగ్రుడ్లు ఒక ప్రక్కకు మెల్లగ జారి, కుదుపుతో మరలి, మరల జారుచుండుటను ఎదుట కూర్చున్న యెవరైనను చూడవచ్చును.

ఈ సంబంధమును వైద్యమునకు ఉపకరించునట్లు వెల్లడించినవాడు వియన్నా నగరపు చెవి వైద్యుడు రాబర్ట్ బారనీ. చెవిని నీటితో కడుగుచుండగా, నీరు చల్లనైనదైనను మిక్కిలి వేడియైనదైనను రోగులకు తల తిరుగుటను, ఈ రెండు సందర్భములలోను వారి కనుగ్రుడ్లు పరస్పర విరుద్ధమైన దిక్కులకు కదలుటను ఆయన గమనించెను. చల్లబడిన ద్రవము బరువెక్కి దిగును, వేడెక్కినది తేలికపడి పైకి లేచును; లోచెవిలో ప్రవాహపు దిక్కు మారగా కంటి కదలిక దిక్కును మారుచున్నది. ఈ పరిశోధనకే ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి ఆయన ఆస్ట్రియా సైన్యమున వైద్యుడుగ పనిచేయుచు రష్యనులకు చిక్కి యుద్ధఖైదీగ నుండెను. స్వీడను రాకుమారుడు కార్ల్ చేసిన ప్రయత్నమున 1916లో విడుదల పొంది ఆ గౌరవమును స్వీకరించెను. చెవి కడిగించుకొనువారు చేసిన ఫిర్యాదును విసుగుకొనక వినుటయే ఇంతటి విద్యకు మూలమగుట, తలచినకొలది నాకు గౌరవమును కలిగించుచున్నది.

పల్నాటి రాయి, చెవిలోని రాయి

ఇక ఆ యిల్లాలి సంగతి. అర్ధవలయముల ప్రక్కనే లోచెవిలో రెండు చిన్న సంచులు కలవు. తల నిటారుగ నున్నదో వాలినదో, బస్సు కదలినదో ఆగినదో తెలుపుట వీని పని. ఇందుకై ఆ సంచులలో జిగురు పొరపై వేలకొలది రేణువులు అంటియుండును. ఒక్కొక్కటి సుమారు మీటరులో లక్షవ వంతు. తల వాలినపుడు ఈ రేణువుల బరువు పొరను ఒక ప్రక్కకు లాగును, ఆ లాగుడును నరములు పసికట్టును. ఈ రేణువులు ఏ పదార్థముతో నేర్పడినవి? పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో కాలునదియు, పల్నాటి సిమెంటు కర్మాగారములలో పొడియగునదియు, మన యిండ్లలో నాపరాయియై పాదముల క్రింద చల్లగ పరచుకొనియుండునదియు నగు కాల్షియం కార్బనేటుతోనే. ఏ ఖనిజముపై నడచుచున్నామో, ఆ ఖనిజమే చెవిలో నుండి మనలను తిన్నగ నడిపించుచున్నది.

వయస్సు పైబడినకొలది ఈ రేణువులు విరిగి పొరనుండి ఊడును. ఊడినవానిలో కొన్ని అర్ధవలయములలోనికి జారును. వెనుకవైపు వలయము అన్నిటికంటె పల్లమున నుండుటచే ఎక్కువగ దానిలోనే చేరును. తల కదలనంతసేపు వాని ఉనికియే తెలియదు. ఒత్తిగిలినపుడు, పరుండినపుడు, పరుండి లేచినపుడు, అటకమీది ఊరగాయ జాడీ కొరకు మెడ వెనుకకు వాల్చినపుడు, మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయమున గోపురమువంక తలయెత్తి చూచినపుడు, ఆ రేణువులు తమ బరువుచే క్రిందికి జారుచు ద్రవమును తమతో ఈడ్చుకొనిపోవును. తల ఆగినది, ఆగినదనియే కన్నును చెప్పుచున్నది, చెవి మాత్రము ఇంకను తిరుగుచున్నామని మొరపెట్టును. రేణువులు అడుగుజేరి కుదుటపడగానే, అనగా నిమిషములోపుగనే, అంతయు శాంతించును. మరల అదే ప్రక్కకు ఒత్తిగిలువరకు రోగి ఆరోగ్యవంతుడే.

ఈ లక్షణములను బారనీయే 1921లో వర్ణించెను. రోగిని కూర్చుండబెట్టి, తలను ఒక ప్రక్కకు త్రిప్పి, వెనుకకు పరుండబెట్టి కన్నుల కదలికను చూచు పరీక్షను 1952లో లండనున మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అను వైద్యులు స్థిరపరచిరి. జారిన రేణువులను, ఏ దారిన వచ్చినవో ఆ దారినే వెనుకకు పంపవచ్చునని అమెరికాలోని పోర్ట్‌లండు నగర వైద్యుడు జాన్ ఎప్లీ ఊహించి, తలను క్రమముగ త్రిప్పు పద్ధతి నొకదానిని రూపొందించెను. మందు లేక, కత్తి లేక, మంచముపై పరుండబెట్టి తల త్రిప్పినంతమాత్రమున తలతిరుగుడు పోవునని చెప్పగా తోటి వైద్యులు చాలకాలము నమ్మలేదు. 1992లో ఆయన ఫలితములను ప్రచురించిన తరువాత క్రమముగ లోకమంతయు ఆ పద్ధతిని స్వీకరించినది. నేడు ఒకటి మొదలు మూడు మారులు చేయుటతో అధిక సంఖ్యాకులకు బాధ తొలగుచున్నది.

———
ఎప్లీ పద్ధతి: కుడిచెవి యందు దోషమున్నపుడు

మంచముపై కాళ్ళు చాపి కూర్చుండవలెను. తలను 45 డిగ్రీలు కుడికి త్రిప్పి, ఆ త్రిప్పుటను మార్చక వెనుకకు పరుండవలెను. భుజముల క్రింద దిండుంచినచో తల కొద్దిగ వెనుకకు వ్రేలాడును. కళ్ళు తిరుగును, భయపడనక్కరలేదు. తిరుగుడు ఆగి మరి అరనిమిషము గడచిన పిదప తలను మెల్లగ 90 డిగ్రీలు ఎడమకు త్రిప్పవలెను. మరల అంతసేపు ఆగి, ఎడమప్రక్కకు ఒత్తిగిలి ముఖము నేలవైపు చూచునట్లు మరి 90 డిగ్రీలు త్రిప్పవలెను. మరల ఆగి, గడ్డము వంచి మెల్లగ లేచి కూర్చుండవలెను. ఎడమచెవికి దిక్కులు తారుమారు. ఏ చెవియో నిర్ణయించుటకును, మొదటిమారు చేయించుటకును చెవి ముక్కు గొంతు వైద్యుడే ఉండవలెను. మెడకు శస్త్రచికిత్స జరిగినవారు, మెడ త్రిప్పలేనివారు, ఇటీవల పక్షవాతము వచ్చినవారు స్వయముగ ప్రయత్నింపరాదు.
———

ఊడిన రాయిని తిరిగి స్వస్థానమునకు చేర్చగల మాత్ర ఏదియు లేదు. ఐనను మాత్రలకు పేరు వచ్చుటకు కారణమొకటి కలదు. ఈ రేణువులు చాలమందిలో కొన్ని వారములకు తామే కరిగియో తొలగియో పోవును. ఆ వారములలో రోగి మ్రింగినది మాత్రయైనచో కీర్తి మాత్రకును, మెడకు పట్టీ కట్టినచో పట్టీకిని దక్కును. మెడ యెముకల అరుగుదల 60 ఏండ్లు దాటినవారికి ఎక్సురే తీసినచో దాదాపు అందరియందును కనబడునదే. తల తిరుగనివారి మెడలును అట్లే అరిగియుండును. ఎక్సురేలో కనబడినదెల్ల వ్యాధికారణమని నమ్మి నెలలకొలది మెడపట్టీతో తిరుగుచున్న పెద్దవారిని చూచినపుడు, ఒక్కమారు వారిని మంచముపై పరుండబెట్టి కన్నులు చూచువారు లేకపోయిరే యని బాధ కలుగును.

నిలబడినప్పుడు నెత్తురెటు పోవును?

పెద్దాయనకు ఇల్లు తిరుగలేదు. కళ్ళు చీకట్లు క్రమ్మినవి, కాళ్ళు తేలిపోయినవి, మరల కూర్చున్నచో సర్దుకొన్నవి. మనము పరుండియున్నంతసేపు గుండెయు మెదడును ఒకే మట్టమున నుండును. లేచి నిలబడగానే అరలీటరునుండి ముప్పాతిక లీటరువరకు రక్తము కడుపులోను కాళ్ళలోను గల సిరలలోనికి దిగిపోవును. గుండెకు మరలివచ్చు రక్తము తగ్గును, గుండె పంపునదియు తగ్గును. మెదడు శరీరపు బరువులో 50వ వంతే యైనను గుండె పంపు రక్తములో సుమారు 15 శాతమును కోరునది; కావున మొదట అలమటించునదియు అదియే.

యౌవనమున ఈ కొరత మనకు తెలియనైన తెలియదు. మెడలోని పెద్ద ధమనుల గోడలలో ఒత్తిడిని కొలుచు నాడీకణములు కలవు. ఒత్తిడి తగ్గగానే అవి మెదడును హెచ్చరించును. మెదడు గుండెను వేగపరచి, కాళ్ళలోని రక్తనాళములను బిగించి, కొద్ది క్షణములలో రక్తమును పైకి మరల్చును. వార్ధక్యమున ధమనుల గోడలు బిరుసెక్కును. సాగని గోడలో ఒత్తిడి మార్పును పసికట్టుట కష్టమగును. గుండె త్వరగ వేగమందుకొనదు. అడుగడుగునకు సిరలను పిండి రక్తమును పైకి నెట్టవలసిన పిక్క కండరములు క్షీణించును. చక్కెరవ్యాధి ఏండ్లకొలది యున్నవారిలో ఈ ఆజ్ఞలను మోయు నరములే దెబ్బతినును.

దీనికి పల్నాటి వేసవి తోడగును. రెంటచింతల పేరు ప్రతి సంవత్సరము పత్రికలలో రాష్ట్రపు అత్యధిక ఉష్ణోగ్రతల పట్టికలో కనబడుట తెలుగువారందరును ఎరిగినదే. పాదరసము 45 డిగ్రీలు దాటు దినములు ఈ సీమకు క్రొత్త కావు. చెమటగ పోయిన నీరును ఉప్పును తిరిగి పొందవలెనన్నచో దాహము వేయవలెను. వయస్సుతో మొద్దుబారు జ్ఞానములలో దాహజ్ఞాన మొకటి. ఆరబోసిన మిరపకాయలకు కాపుగ కళ్ళములో ఎండపొద్దంతయు కూర్చుండి ఒక్క చెంబు నీటితో సరిపెట్టుకొను తాతలు, "నీళ్ళు తాగితే రాత్రి లేవాల్సొస్తది" అని పొద్దు వాలినది మొదలు గ్రుక్కెడైన పుచ్చుకొనని అవ్వలు ప్రతి గ్రామమునను కలరు. వారి శరీరమున రక్తపు పరిమాణమే తగ్గియుండగా, నిలబడినపుడు క్రిందికి దిగు ఆ అరలీటరు భరింపరాని లోటగును. భోజనానంతరము మరియొక ప్రమాదము: జీర్ణక్రియకై రక్తము ప్రేగులకు మరలుటచే కొందరు వృద్ధులలో రెండు గంటలలోపుగ ఒత్తిడి పడిపోవును. కడుపునిండ తిని, చేయి కడుగుటకు లేచి తూలువారి కథ ఇదియే.

ఇట్టి తలతిరుగుడును మన పెద్దలు పైత్యమని, ఉప్పు కలిపిన నిమ్మరసమో మజ్జిగయో ఇచ్చెడివారు. కారణమును వారు వేరుగ చెప్పినను వైద్యము సరియైనదే. నీరును ఉప్పును కలిసి లోనికి పోయినచో రక్తపు పరిమాణము పెరుగును. సెలైను ఎక్కించినచో సాయంకాలమునకు ప్రాణము లేచివచ్చినట్లుండుటకును మూలమిదియే. అరలీటరు సెలైను సీసాలో నున్నది నీరును, నాలుగున్నర గ్రాముల ఉప్పును మాత్రమే. అందులో 'బలము' వేరుగ లేదు. నోటితో త్రాగగలిగినవారు సూదితో ఎక్కించుకొననేల? గుండె నీరసించినవారు, మూత్రపిండముల వ్యాధి కలవారు మాత్రము ఉప్పునీటి విషయమున వైద్యుని అడిగియే నడువవలెను.

———
పరుండి ఒకమారు, నిలబడి రెండుమారులు

బి.పి. కొలుచు యంత్రము నేడు అనేక గృహములలో నున్నది. గ్రామ ఆరోగ్యకేంద్రములోను ఉన్నది. సాధారణముగ కూర్చుండబెట్టియే కొలిచెదరు. అందువలన ఈ దోషము బయటపడదు. ఐదు నిమిషములు పరుండబెట్టి ఒకమారు కొలువవలెను. నిలబడిన ఒక నిమిషమునకును, మూడు నిమిషములకును మరల కొలువవలెను. ప్రక్కన ఒకరు పట్టుకొనియుండవలెను. పై సంఖ్య 20 గాని, క్రింది సంఖ్య 10 గాని తగ్గినచో కారణము దొరికినట్లే. ఈ మూడు కొలతలను కాగితముపై వ్రాసి వైద్యునికి చూపవలెను.
———

మంచము దిగు విధానమును మార్చుకొనుట సగము వైద్యము. మెలకువ రాగానే లేవక, ముందు కూర్చుండి, కాళ్ళు క్రిందికి వ్రేలాడవిడిచి, పాదములను పదిపదిహేను మారులు పైకి క్రిందికి ఆడించి, పిడికిళ్ళు బిగించి విడిచి, రెండు నిమిషములైన పిదప మంచపు కోడునో కుర్చీనో పట్టుకొని నిలబడవలెను. రాత్రివేళ మరుగుదొడ్డి దూరమైనచో మంచము ప్రక్కనే మూత్రపాత్ర నుంచుకొనుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు; మన పెద్దాయన యింట ఆ పాత్ర యొకటి యున్నచో తుంటి నిలిచెడిది. పగటిపూట నీరు చాలినంత త్రాగి, పడుకొను రెండు గంటల ముందు తగ్గించుకొనిన యెడల దాహమును నిద్రయు రెండును చెడవు.

మాత్రల సంచి

తల తిరుగుచున్న వృద్ధుని ఇంటికి పోయినపుడు మొదట చూడవలసినది ఆయన మాత్రల సంచి. గుంటూరు డాక్టరు వ్రాసినవి, 104 వాహనమువారు ఇచ్చినవి, వీధి మందుల షాపులో అడిగి తెచ్చినవి, కుమారుడు వచ్చినపుడు కొనిపెట్టినవి, అన్నియు ఒకే ప్లాస్టిక్ సంచిలో కలిసియుండును. రెండు పేర్లతో ఒకే మందు ఉండుటయు కలదు. బి.పి. తగ్గించు మాత్రలు, మూత్రమును పెంచు నీటిమాత్రలు, మూత్రధార సాఫీగ వచ్చుటకు పురుషులకిచ్చు టామ్సులోసిన్, ప్రాజోసిన్, నరాల మంటకిచ్చు ఎమిట్రిప్టిలిన్, నిద్రకిచ్చు ఆల్ప్రజోలమ్, వీనిలో ప్రతిదియు నిలబడినపుడు రక్తపుటొత్తిడిని దించుటయో, అడుగును తడబడజేయుటయో చేయగలదు. రెండు మూడు కలిసినపుడు ఏమగునో చెప్పనక్కరలేదు. చలికాలములో సరిపోయిన బి.పి. మాత్ర మోతాదు, ఒంటిలో నీరింకిన మే నెలలో ఎక్కువ కావచ్చును. చక్కెరవ్యాధికి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వేసికొని, ఏకాదశి యనియో ఆకలి లేదనియో తినక యున్నవారికి కళ్ళు తిరిగి చెమటలు పట్టినచో అది చక్కెర పడిపోవుట. వెంటనే పంచదార నోట వేయవలెను.

అన్నిటికంటె నన్ను కలతపెట్టునది తలతిరుగుడునకే ఇచ్చు మాత్రల దీర్ఘకాల వినియోగము. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ అను మందులు వాంతులతో కూడిన తీవ్రమైన తలతిరుగుడును రెండు మూడు దినములు అణచుటకు మంచివి. నెలలకొలది వాడినచో చెవి దోషమునకు మెదడు తానై సర్దుకొనుటను అవి మందగింపజేయును. కొందరు వృద్ధులలో చేతులు వణకుట, నడక కుంచించుకొనుట, ముఖము బిగిసికొనుట మొదలగు పార్కిన్‌సన్ వ్యాధి లక్షణములను కలిగించును. తల తిరుగుచున్నదని మాత్ర, మాత్ర వలన తూలుడు, తూలుచున్నాడని మరల మాత్ర: ఈ వలయమును త్రెంచవలసినది వైద్యుడు. ఐనను ఏ మాత్రను సొంతముగ మానరాదు. సంచి నంతటిని తీసికొనిపోయి ఒకే వైద్యుని ముందు బల్లమీద కుమ్మరింపవలెను.

కాలిక్రింది నేల, కంటిముందు చీకటి

కొందరికి పరుండినను లేచినను ఏమియు కాదు. నడచునపుడు మాత్రమే, అందును చీకటిలోనో గతుకుల నేలపైననో తూలుదురు. వారి దోషము చెవిలోను లేదు, రక్తములోను లేదు, అరికాళ్ళలో నున్నది. చక్కెరవ్యాధి వలనను, బి12 విటమిను కొరత వలనను పాదముల నరములు మొద్దుబారి, నేల యెట్లున్నదో చెప్పుట మానివేయును. మెట్‌ఫార్మిన్ ఏండ్లకొలది వేసికొనువారికిని, కేవల శాకాహారులకును ఈ విటమిను తగ్గుట కలదు. అట్టివారు కంటిచూపును ఆధారము చేసికొని నడచుచుందురు. దీపమార్పినను, ముఖము కడుగుకొనుచు కన్నులు మూసికొనినను ఆ ఆధారమును పోవును. శుక్లములు ముదిరినవారికి పట్టపగలే అది సగము పోయియుండును. తడిసిన నాపరాయి, అరిగిన రబ్బరు చెప్పులు, ఎత్తైన గడప, దగ్గరిచూపు భాగములోనుండి చూచుటచే మసకబారి కనబడు మెట్లు, వీనిని సరిచేయుటకు వైద్యునితో పనిలేదు. మేస్త్రీని పిలిచి స్నానపు గదిలో ఒక ఇనుప పట్టీ బిగించుటయు, మంచమునుండి దొడ్డివరకు రాత్రి యంతయు వెలుగు చిన్న దీపమొకటి పెట్టుటయు చాలును.

క్షణమైన ఆగరాని సందర్భములు

హఠాత్తుగ తల తిరుగుటతోపాటు మాట ముద్దయగుట, మూతి వంకరపోవుట, ఒక వస్తువు రెండుగ కనబడుట, ఒక ప్రక్క చేయికాలు పట్టుతప్పుట, కూర్చుండుటకైనను నిలుకడ లేకుండుట, ఎన్నడు లేని తీవ్రమైన తలనొప్పి వచ్చుట, వీనిలో నేది కనబడినను అది చిన్నమెదడునకో మెదడు కాండమునకో రక్తము అందకపోవుట కావచ్చును. గడ్డను కరిగించు సూది నాలుగున్నర గంటలలోపుననే ఈయవలెను. మాచర్లనుండి గుంటూరునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దారి యున్నదను సంగతి మరువరాదు. నిమ్మరసము పిండుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను. లక్షణములు ఎన్ని గంటలకు మొదలైనవో వ్రాసి పెట్టుకొనవలెను. గుండె దడతోనో ఛాతీనొప్పితోనో కళ్ళు తిరిగి స్పృహ తప్పినను ఇంతియే.

పడుదునేమో యను భయము

ఒకమారు పడినవారు, పడకపోయినను పడబోయినవారు, మెల్లమెల్లగ ఇల్లు కదలుట మానుదురు. కోడళ్ళును కుమార్తెలును ప్రేమతో "నువ్వు కదలమాకమ్మా, కూర్చో" అని ఆ మానుటను స్థిరపరతురు. కదలనివారి పిక్కలు నెలలోనే సన్నబడును. సన్నబడిన పిక్కలు రక్తమును పైకి నెట్టలేవు. మెదడునకు తల కదలికల అనుభవము కరవై, చెవి లోపమును సర్దుకొను నేర్పును పోవును. దయతో వేసిన కుర్చీ వారిని మరింత బలహీనులను చేయుచున్నది.

దూరదేశమునుండి ఫోను చేయు బిడ్డలు "ఎట్లున్నవు నాన్నా?" అని అడిగినచో "బానే ఉన్నాలే" అను సమాధానమే వచ్చును. "నిన్న కళ్ళు తిరిగినప్పుడు ఏం చేస్తున్నవు? లేచినవా, పక్కకి తిరిగినవా, అన్నం తిని లేచినవా? ఎంతసేపుంది?" అని అడిగినచో పనికివచ్చు సమాచారము చేరును.

పెద్దవారిని కూర్చుండబెట్టుటకు మారుగ చేయింపవలసినది వ్యాయామము. చెవి లోపమును మెదడుచే సర్దించు వ్యాయామములను 1940వ దశకమున ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అను ఇరువురు వైద్యులు తలకు దెబ్బలు తగిలిన సైనికుల కొరకు కూర్చిరి. నేటికిని అవియే మూలము. మొదట కుర్చీలో కూర్చుండి, తల కదల్పక కన్నులను పైకి క్రిందికి, కుడికి ఎడమకు త్రిప్పుట. పిమ్మట చేయి చాచి బొటనవ్రేలిని చూచుచు, చూపు దానిమీదనుండి తొలగకుండ తలను ఇటునటు త్రిప్పుట. అవి అలవడిన తరువాత కుర్చీనుండి చేతుల ఊత లేక లేచి కూర్చుండుట. చివరకు గదిమూలలో గోడలకు వీపు దగ్గరగ నిలబడి, ఎదుట కుర్చీ యొకటి పట్టుకొనుటకు అందుబాటులో నుంచుకొని, పాదములు దగ్గరగ చేర్చి ముందు కన్నులు తెరచియు, తరువాత మూసియు నిలుచుట. మొదటి దినములలో ఇంటివారొకరు ప్రక్కన నుండవలెను. వ్యాయామముచే మొదట కొద్దిగ తల తిరుగుట మంచిదే. మెదడు దిద్దుకొనవలసిన పొరపాటు దానికి తెలియవచ్చునది అప్పుడే. దినమునకు రెండు మూడు మారులు, మారునకు ఐదు పది నిమిషములు, ఆరు మొదలు పండ్రెండు వారములవరకు సాగింపవలెను.